ఆరోగ్య కార్యకర్తలు – డిజిటల్ మాధ్యమములు

వైద్యసౌకర్యములు కొఱవడిన ప్రాంతములలో పనిచేయు నర్సులు, మంత్రసానులు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, ఒక్కచేతిమీద ఆసుపత్రి నడుపుకొను యువవైద్యులు మొదలగువారిని ఒకరితో నొకరిని, దూరనగరములందలి నిపుణులతోడను, ఉపగ్రహము, ఇంటర్నెట్టు, సెల్‌ఫోను వంటి సాధనములచే కలుపుటకు గత నాలుగు దశాబ్దములుగా జరిగిన ప్రయత్నములు ఈ వ్యాసమునకు విషయము. రోగి నేరుగా వైద్యునితో మాట్లాడు దూరవైద్యము దీనికి మిక్కిలి సన్నిహితమే యైనను, ఇచ్చట ప్రధానముగా పరిశీలింపబడునది వైద్యము చేయువారి నడుమ సాగు సంభాషణము.

2006వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారము, ప్రపంచ రోగభారములో 24 శాతము మోయుచున్న ఆఫ్రికా ప్రాంతమునకు ప్రపంచ ఆరోగ్య సిబ్బందిలో 3 శాతము మాత్రమే దక్కియుండెను. 57 దేశములలో వైద్యులు, నర్సులు, మంత్రసానుల కొఱత సంక్షోభస్థాయికి చేరియుండెను. ఈ కొఱత అందఱు నెఱిగినదే. దాని వెనుకనున్న మఱియొక లేమి మాత్రము అంతగా చర్చకు రాలేదు. శిక్షణ ముగించుకొని అడవిపల్లెకో, ఏటియొడ్డు కుగ్రామమునకో వెళ్లిన నర్సు, తాను చదివిన పుస్తకము పాతబడినను క్రొత్తది చేతికందక, అర్ధరాత్రి కాన్పులో రక్తస్రావము నిలువనప్పుడు అడుగుటకు మనిషి లేక, తాను చేసిన చికిత్స సరియైనదో కాదో చెప్పువారు కానరాక, సంవత్సరముల తరబడి పనిచేయవలసివచ్చును. తీర్చువారు లేనిచోట సందేహించుటయే క్రమముగా మానుకొనుట మనుష్యస్వభావము. సందేహము నశించిన వైద్యము రోగికెంత అపాయకరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ శాఖలో జరిగిన కృషినంతను ఈ ఏకాకిత్వమును పోగొట్టుటలో నది యెంతవఱకు సఫలమైనదను ప్రమాణముతోనే తూచవలెను.

కంప్యూటరు పుట్టుటకు పూర్వమే యీ ఆలోచన పుట్టినది. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతములలో 1928లో ప్రారంభమైన విమానవైద్యసేవ, మఱుసటి సంవత్సరమే ఆల్ఫ్రెడ్ ట్రేగర్ నిర్మించిన, కాళ్లతో త్రొక్కి విద్యుత్తు పుట్టించుకొను రేడియోను వాడుకలోనికి తెచ్చెను. అక్కడి పశుక్షేత్రములలో నుంచిన మందులపెట్టెలోని ప్రతి మందుకును ఒక సంఖ్య యుండెడిది. వందల మైళ్ల దూరమున నున్న వైద్యుడు రోగలక్షణములు రేడియోలో విని, ఫలానా సంఖ్య గల మందు ఇయ్యుడని చెప్పెడివాడు. మందు పేరు పలుకనేరని వారికిని, చదువనేరని వారికిని ఈ ఏర్పాటు సమానముగ నుపకరించెను. తూర్పు ఆఫ్రికాలో 1957లో నైరోబీ కేంద్రముగా మైకేల్ వుడ్ మొదలగు శస్త్రవైద్యులు స్థాపించిన ఆమ్రెఫ్ సంస్థయు ఇట్టి రేడియో బంధముతోనే మిషన్ ఆసుపత్రులను కలిపినది. యంత్రమేమియు లేకయే ఇట్టి పని చేసిన గ్రంథమొకటి కలదు: మెక్సికో కొండపల్లెల అనుభవమునుండి డేవిడ్ వెర్నర్ రచించిన ఆ పుస్తకమును 'వైద్యుడు లేని చోట' యను పేర హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో ప్రచురించగా, తెలుగునాట గ్రామములలో పనిచేయువారికి నది చిరకాలము చేదోడుగా నిలిచెను. అయితే పుస్తకమును మనము చదువగలము గాని, తిరిగి ప్రశ్నింపజాలము.

ప్రశ్నకు బదులు తెచ్చు మార్గమును గూర్చి మొదట పెద్దయెత్తున యోచించినవారిలో అమెరికా హృద్రోగనిపుణుడు బెర్నార్డ్ లౌన్ ముఖ్యుడు. సోవియట్ వైద్యుడు యెవ్గేనీ చాజోవ్‌తో కలిసి ఆయన స్థాపించిన అణుయుద్ధ వ్యతిరేక వైద్యసంఘమునకు 1985లో నోబెల్ శాంతి బహుమానము లభించెను. అంతరిక్షమును ఆయుధాగారముగ మార్చుటకు అగ్రరాజ్యములు పోటీపడుచున్న ఆ దినములలో, అదే అంతరిక్షమును పేదదేశముల వైద్యులకు గ్రంథాలయముగ మార్చవచ్చునన్న సంకల్పముతో లౌన్ సాటెల్‌లైఫ్ అను సంస్థను నెలకొల్పెను. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయ నిపుణులు నిర్మించిన చిన్న ఉపగ్రహములు ఇందుకు సాధనములైనవి. వానిలో హెల్త్‌శాట్-2 అనునది 1993 సెప్టెంబరులో ఏరియన్ రాకెట్టుపై అంతరిక్షమునకు చేరెను. సుమారు 50 కిలోల బరువు గల ఆ ఉపగ్రహము, భూమికి దాపున, ధ్రువములమీదుగ పరిభ్రమించుచు, దినమునకు కొన్ని పర్యాయములు మాత్రమే ఒక్కొక్క తావుపైగా సాగిపోయెడిది. జాంబియాలోనో, మొజాంబిక్‌లోనో ఒక ఆసుపత్రిలో చిన్న యాంటెనాతో నమర్చిన కంప్యూటరు, ఉపగ్రహము తలపైకి వచ్చిన ఆ కొద్ది నిమిషములలో తన ఉత్తరములను పైకి పంపి, తనకు వచ్చినవానిని దించుకొనెడిది. ఉపగ్రహము వానిని తన స్మృతిలో దాచుకొని మఱియొక ఖండముపై దింపెడిది. టెలిఫోను తీగలు లేనిచోట, ఉన్నను పలుకనిచోట, వైద్యపత్రికల సారాంశములును, చికిత్సావిషయకమైన ప్రశ్నలును ఇట్లు ప్రయాణము చేసినవి. 1994లో అంటురోగముల వార్తలను ప్రపంచమునకు తెలుపుటకు వెలసిన ప్రోమెడ్ సేవయు ఆదిలో సాటెల్‌లైఫ్ ఆశ్రయముననే పెరిగెను. 2003 ఫిబ్రవరి 10న చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున నేదో న్యుమోనియా వ్యాపించుచున్నదను వదంతిని గూర్చిన ప్రశ్నను ప్రకటించి, తరువాత సార్స్ అని పేరుగాంచిన వ్యాధిని లోకమునకు మొట్టమొదట ఎఱుకపఱచిన వానిలో ఒకటైనది ఆ సేవయే.

ఉపగ్రహముల అవసరము లేకయే, సాధారణమైన ఈమెయిలును డిజిటల్ కెమెరాయు కలిపి ఏమి చేయవచ్చునో స్విన్‌ఫెన్ దంపతుల ధర్మసంస్థ చూపినది. 1998లో స్థాపితమైన ఆ సంస్థ, 1999లో ఢాకా సమీపమున సావర్‌లో నున్న పక్షవాత పునరావాస కేంద్రముతో తన తొలి బంధము నేర్పఱచెను. అచ్చటి వైద్యులు ఎక్స్‌రే చిత్రమును కెమెరాతో ఛాయాచిత్రము తీసి, రోగివృత్తాంతముతో జతచేసి పంపగా, బ్రిటన్ నిపుణులు ప్రతిఫలాపేక్ష లేక సలహా వ్రాసి పంపెడివారు. కాంబోడియాలోని రొవియెంగ్ గ్రామమున 2001 మొదలు, సోలొమన్ ద్వీపముల రాజధాని హోనియారాలో దాదాపు ఆ కాలముననే ఇట్టి పద్ధతులు నడచినవి. హోనియారాలో రోగనిర్ధారణనిపుణుడు లేకపోవుటచే, సూక్ష్మదర్శిని క్రింద కనబడు దృశ్యమును చిత్రించి స్విట్జర్లండులోని బాసెల్ విశ్వవిద్యాలయము నడిపిన వ్యవస్థ ద్వారా పంపి, కణితి స్వభావమును తెలిసికొనుచుండిరి.

ఈ యత్నములలో నేల స్వభావము నెఱిగి చేసినదని చెప్పదగినది పెరూ దేశపు అమెజాన్ అడవులలో మాడ్రిడ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఇంజనీర్లు సాగించిన ఎహాస్ కార్యక్రమము. ఆల్టో అమెజోనాస్ ప్రాంతమున ఆరోగ్య ఉపకేంద్రములు నదుల వెంబడి చెదరియుండును. అందు పనిచేయునది వైద్యుడు కాదు, స్వల్పశిక్షణ పొందిన సహాయకుడు. వైద్యుడున్న పెద్దకేంద్రమునకు పోవలెనన్న పడవలో గంటలకొలది, కొన్నియెడల దినమంతయు ప్రయాణము. ఆ దినములలో అచ్చట టెలిఫోను లేదు, విద్యుత్తు లేదు, త్రోవ లేదు. ఖరీదైన ఉపగ్రహ సంబంధమును తెచ్చి రెండేండ్లలో బిల్లు కట్టలేక విడిచిపెట్టుటకంటె, అడవిలో నదివఱకే వాడుకలోనున్న వి.హెచ్.ఎఫ్. రేడియోలనే గ్రహించి, వాని ద్వారా మాటతోపాటు ఈమెయిలు కూడ పోవునట్లు చేయుట మేలని యా ఇంజనీర్లు నిశ్చయించిరి. సౌరఫలకమొకటి, బ్యాటరీ యొకటి, రేడియో యొకటి, చిన్న కంప్యూటరొకటి: ఉపకేంద్రపు పరికరమంతయు నింతే. మలేరియా లెక్కల కాగితమును పట్టుకొని పడవ నెక్కవలసిన సహాయకుడు దానిని తన బల్లయొద్దనుండియే పంపసాగెను. అంతకంటె ముఖ్యముగ, జ్వరముతో మూర్ఛపోవు బిడ్డను పడవ నెక్కింపవలెనా వలదా యని వైద్యునే యడుగసాగెను. ఈ బంధమేర్పడిన పిమ్మట అత్యవసర రోగులను పెద్దకేంద్రమునకు చేర్చుటకు పట్టు కాలము సుమారు 40 శాతము తగ్గినట్లు పరిశీలనలో తేలినది. తదుపరి నాపో నది వెంబడి చెట్లతలలకంటె ఎత్తయిన టవర్లు నిలిపి, సుమారు 450 కిలోమీటర్ల పొడవున వై-ఫై వరుసయొకటి కట్టిరి. ఎండయు వానయు పాడుచేయు పరికరములను బాగుచేయు మనిషిని స్థానికముగ తయారుచేయుట టవరు కట్టుటకంటె కష్టమని ఆ కార్యక్రమము నేర్పిన పాఠము, తరువాతివారిలో పెక్కుమంది పెడచెవిని పెట్టినదే.

2000 సంవత్సరము తరువాత ఇంటర్నెట్టు వ్యాపించెను. 2002 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఆఱుగురు పెద్ద ప్రచురణకర్తలును కలిసి హినారి అను ఏర్పాటు ద్వారా వైద్యపత్రికలను పేదదేశములకు ఉచితముగనో స్వల్పమూల్యమునకో అందించుటకు పూనుకొనిరి. 2009లో తూర్పు ఆఫ్రికా తీరమునకు సముద్రగర్భపు కేబుల్ చేరుటతో అచ్చటి డేటా ధరలు దిగనారంభించినవి. ఫ్రెంచి మాట్లాడు ఆఫ్రికాలో, 2001లో మాలీ దేశమునుండి మొదలైన రాఫ్ట్ అను బంధము జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల తోడ్పాటుతో ప్రతివారము వైద్యపాఠములను ప్రసారము చేసెను; మందకొడి నెట్‌వర్క్‌పై కూడ పనిచేయుటకు తగిన సాఫ్ట్‌వేరు దానికొఱకే రూపొందింపబడినది. జెనీవానుండి పాఠములు వచ్చుటతో ఆరంభమైన ఈ బంధమున, క్రమముగా బమాకో, డాకర్ వంటి నగరముల ఆచార్యులే పాఠములు చెప్పనారంభించుట గొప్ప విశేషము. మలేరియాను పుస్తకమున చూచినవానికంటె దినదినము చూచినవాడు చెప్పు పాఠము మలేరియా వార్డులో పనిచేయువానికి మిన్నగ నుపకరించును గదా.

కార్యకర్తల సంభాషణమునే చికిత్సాసాధనముగ మలచిన పద్ధతికి ఎకో ప్రాజెక్టు ఉత్తమోదాహరణము. అమెరికాలో నున్నను పేదరికమునను, దూరమునను మనదేశపు జిల్లాలను తలపించు న్యూమెక్సికో రాష్ట్రమున, కాలేయనిపుణుడు సంజీవ్ అరోరా హెపటైటిస్-సి చికిత్సకు తన క్లినిక్‌లో రోగులు ఎనిమిది నెలలు వేచియుండవలసివచ్చుట చూచి, 2003లో ఈ పద్ధతిని ప్రారంభించెను. వారమునకొకసారి పల్లెక్లినిక్కులలోని వైద్యులు, నర్సులు, కారాగారముల వైద్యసిబ్బంది ఒకే వేళకు తెరలముందు కూర్చుందురు. వారిలో నొకరు తమ రోగి పేరు చెప్పక, వయస్సు, రక్తపరీక్షాఫలితములు, వాడుచున్న మందులు మాత్రము చదివి, తమకు తోచని దానిని అడుగుదురు. నిపుణుడు బదులు చెప్పును. ఆ బదులును మిగిలినవారందఱు విందురు. కొన్ని మాసములలో ఒకరి ప్రశ్నకు మఱొక పల్లెనర్సు తానే సమాధానము చెప్పుటకు సాహసించును. రోగి మాత్రము తన ఊరు విడువడు. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమైన 407 మంది రోగుల అధ్యయనమున, విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతము మందికిని, ఈ పల్లె, కారాగార కేంద్రములలో 58.2 శాతము మందికిని వైరస్ తొలగిపోయినట్లు తేలినది. నిపుణునితో నిత్యసంభాషణము దొరికిన సామాన్యవైద్యుడు, ఆ వ్యాధివిషయమున నిపుణునికి తీసిపోడని ఇంత స్పష్టముగ నిరూపించిన అధ్యయనములు అరుదు. భారతదేశమున బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ పద్ధతిని మానసికారోగ్య, వ్యసనచికిత్సా రంగములలో అనుసరించినది.

కంప్యూటరు చేరని తావునకు సెల్‌ఫోను చేరెను. మలావీ దేశమున నమిటెటె గ్రామమందలి సెయింట్ గాబ్రియల్ ఆసుపత్రిలో 2008లో 75 మంది గ్రామ కార్యకర్తలకు మామూలు ఫోనులిచ్చి, ఉచితమైన సాఫ్ట్‌వేరు గల ఒక్క కంప్యూటరుతో వారిని కలుపగా, మందు అయిపోయినదనియు, క్షయరోగి మాత్ర వేసికొనుట లేదనియు, ఫలానా ఇంట మరణము సంభవించినదనియు కబురు పంపుటకు గంటలకొలది నడువవలసిన వారు నిలుచున్నచోటినుండియే ఎస్.ఎం.ఎస్. పంపసాగిరి. రువాండాలో 2009లో ముసాంజె జిల్లానుండి ఇట్టి సందేశవ్యవస్థయే గర్భిణుల రక్షణకై మొదలై దేశమంతట వ్యాపించెను. 2014లో ఎబోలా లైబీరియాను పీడించుచున్నప్పుడు, ఉద్యోగుల పట్టికను సందేశవ్యవస్థతో జోడించిన ఎంహీరో ద్వారా ప్రభుత్వము తన ఆరోగ్య సిబ్బందితో ఎస్.ఎం.ఎస్. రూపమున మాట్లాడుటకు, వారి మాట వినుటకు వీలు కలిగెను.

చదువురాని, లేక కొద్దిగ వచ్చిన కార్యకర్తను దృష్టియందుంచుకొని చేసిన ప్రయోగములలో బీహారునందలి మొబైల్ కుంజి నిశితపరిశీలనకు అర్హము. 2012లో బి.బి.సి. మీడియా యాక్షన్ సంస్థ దీనిని ప్రవేశపెట్టినది. ఒక రింగునకు గ్రుచ్చిన 40 బొమ్మల కార్డులు. ప్రతి కార్డుపై ఒక విషయము, ఒక పొట్టి నెంబరు. ఆశా కార్యకర్త గర్భిణి ఇంటికి పోయి, కార్డు చూపుచు తన మాటలతో విషయము చెప్పి, పిమ్మట ఫోనులో ఆ నెంబరు నొక్కి స్పీకరులో పెట్టగా, 'డాక్టర్ అనిత' యను పాత్ర గొంతు అదే విషయమును వివరించును. ఇంటర్నెట్టు అక్కఱలేదు, ఖరీదైన ఫోను అక్కఱలేదు, అక్షరజ్ఞానమును అక్కఱలేదు. కోడలికి ఆసుపత్రి కాన్పు వలదని వాదించు అత్తగారు ఆశా మాటను త్రోసిపుచ్చినను, ఫోనులోని డాక్టరమ్మ మాటకు చెవియొగ్గును. అట్లు ఆ పరికరము కార్యకర్తకు సమాచారముతోపాటు గౌరవమును గూడ సంపాదించి పెట్టినది. ఆస్ట్రేలియా మందులపెట్టెలోని సంఖ్యలు దశాబ్దముల తరువాత బీహారు కార్డులపై మరల కానవచ్చుట, సరళతయే ఈ రంగమున దీర్ఘాయువునిచ్చు గుణమని సూచించుచున్నది. ఆ సంస్థయే రూపొందించిన మొబైల్ అకాడమీ యను ఫోనుపాఠములు 2016లో కేంద్రప్రభుత్వ కార్యక్రమముగ స్వీకరింపబడినవి.

చలనచిత్రములతో నేర్పు ప్రయత్నములలో డెన్మార్కునందు రూపొందిన సేఫ్ డెలివరీ యాప్ పేర్కొనదగినది. ప్రసవకాలమున రక్తస్రావము, ఊపిరి తీయని శిశువు వంటి ఆపదలలో చేయవలసిన దానిని చిన్నచిన్న చిత్రములుగ చూపు ఈ యాప్, ఒకసారి ఫోనులోనికి దించుకొన్న పిమ్మట సిగ్నల్ లేకున్నను పనిచేయును. ఇథియోపియా గ్రామీణ జిల్లాలలోని 73 ఆరోగ్యకేంద్రములలో జరిపిన పరీక్షలో దీనిని వాడిన కార్యకర్తల నైపుణ్యము స్పష్టముగ పెరిగినట్లు 2016లో ప్రకటితమైనది. శిశుమరణములు కూడ తక్కువగ కానవచ్చినను, ఆ భేదము గణాంకదృష్ట్యా నిశ్చయముగ చెప్పదగినంత బలమైనది కాదు. నైపుణ్యము పెరిగినంతనే ప్రాణములు నిలుచునని తొందరపడి తీర్మానింపరాదు. చేయి నేర్చినను, చేతిలో మందును, రక్తమును, వాహనమును ఉండవలెను గదా.

తెలుగునాట ఈ చరిత్ర చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున ఆరంభమైనదనవచ్చును. అపోలో ఆసుపత్రుల సంస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామమైన అరగొండలోని ఆసుపత్రిని దూరవైద్యముతో కలిపిన ఏర్పాటును 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదునుండి ప్రారంభించెను; తరువాత ఇస్రో ఉపగ్రహబంధము ఆ గ్రామమును చెన్నైతో కలిపెను. 2016లో ఏ.ఎన్.ఎం.లకు ట్యాబులనిచ్చి రిజిస్టర్లకు బదులుగ అన్మోల్ అను యాప్‌ను వాడించిన తొలి రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. 2019 నవంబరులో ఇ-సంజీవని యను దూరవైద్యసేవ మొదట అమలైనదియు ఇచ్చటనే. ఇందు ఉపకేంద్రమున నుండు ఎం.ఎల్.హెచ్.పి., అనగా నర్సింగు చదివి అదనపు శిక్షణ పొందిన యువతి లేక యువకుడు, రోగిని ఎదుట కూర్చుండబెట్టుకొని, బి.పి., షుగరు చూచి, పెద్దకేంద్రమగు హబ్‌లోని వైద్యునితో వీడియోలో మాట్లాడి మందు వ్రాయించును. 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శకములు కార్యకర్త ద్వారా జరుగు ఇట్టి సంప్రదింపునకు స్పష్టమైన స్థానము కల్పించినవి. కోవిడ్ కాలమున ప్రజలకు ఇంటినుండియే వైద్యుని చూచు సౌకర్యము తోడైనది. 2023 ఫిబ్రవరి నాటికి దేశమంతట ఇ-సంజీవని ద్వారా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటినవి. అయితే పాడేరు, ఏటూరునాగారం వంటి ఏజెన్సీ ప్రాంతములలో సిగ్నల్ దొరకు గుట్టను వెదకికొనుచు పోవు కార్యకర్తకు ఈ సంఖ్యలవలన నూఱట కలుగదు.

లోపములను గూర్చి కూడ నిర్మొగమాటముగ చెప్పవలెను. ఒక దాత యొక ప్రయోగము, మఱొక దాత మఱొక ప్రయోగము చేయుటచే, ఒకదానితో నొకటి పలుకని యాప్‌ల గందరగోళమేర్పడి, 2012 జనవరిలో ఉగాండా ఆరోగ్యశాఖ క్రొత్త ప్రయోగములనన్నిటిని నిలిపివేయవలసివచ్చెను. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు నాసిరకపు ఫోనులను, ఆంగ్లమున నున్న యాప్‌ను భరింపలేక, తమకిచ్చిన ఫోనులను ప్రభుత్వమునకే తిరిగి అప్పగించిరి. ఆ తిరస్కారమును యంత్రద్వేషమని భావించుట అన్యాయము. ఆ ఫోను వారిని అడుగుచుండెనే గాని వారికి బదులు చెప్పుట లేదు. ఎంతమంది పిల్లలను తూచితిరి, ఎన్ని ఇండ్లు తిరిగితిరి, ఫోటో పెట్టితిరా యని పైనుండి లెక్క కోరుచుండెను. రిజిస్టరు పోలేదు, పైగా యాప్ వచ్చినది. ఒకే వివరమును రెండుమార్లు, మూడుమార్లు వ్రాయుచు గడపు రాత్రివేళకు జీతము లేదు. అనుసంధానమను పేర జరిగిన దానిలో అధికభాగము ఇట్టి పర్యవేక్షణయే యని ఈ రంగమును నిష్పక్షపాతముగ చూచువారు అంగీకరింపక తప్పదు.

మఱియొకవంక, ఎవరును ఆజ్ఞాపింపకయే కార్యకర్తలు తమంతట తాము వాట్సాప్ గ్రూపులు పెట్టుకొని నిజమైన అనుసంధానమును సాధించుకొనిరి. కెన్యాలోని కిబెరా మురికివాడలోను, మకువేని గ్రామసీమలోను జరిపిన పరిశీలనలు, అట్టి గ్రూపులలో పర్యవేక్షకుడు తప్పులు పట్టుటకంటె ధైర్యము చెప్పుటకును, ఒకరి పనిని మఱొకరు మెచ్చుకొనుటకును ఎక్కువ తావున్నదని చూపినవి. దక్షిణాఫ్రికాలో నేత్రవైద్యుడు విలియం మాఫమ్ 2014లో ప్రారంభించిన వూలా యాప్ ఈ సహజమైన అలవాటునే గ్రహించి, కంటి ఫోటోను పల్లెనర్సు నిపుణునికి భద్రముగ పంపి, ఆ సంభాషణములోనే సలహా పొందు వీలు కల్పించెను. భద్రతను గూర్చి మాత్రము జాగరూకత అవసరము: రోగి ముఖము, పేరు, వ్యాధి కలిసిన ఫోటో ఒక గ్రూపులో పడినచో, అది ఎచ్చటికి పోవునో పంపినవారికే తెలియదు, చిన్న ఊరిలో క్షయ, ఎయిడ్స్ వంటి వ్యాధుల విషయమున ఆ పొరపాటు ఒక కుటుంబపు జీవనమునే చెఱుపగలదు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మార్గదర్శకములు, కార్యకర్తలు నిపుణులను సంప్రదించుటను, ఫోనుద్వారా శిక్షణ పొందుటను సమర్థించుచునే, ఇవి ఆరోగ్యవ్యవస్థకు తోడుగ నుండవలెనే గాని బదులుగ నుండరాదని హెచ్చరించినవి. మన రాష్ట్రములలో ట్యాబులును యాప్‌లును కొను అధికారులకు విన్నవించునది ఒక్కటి కలదు. ఉపకేంద్రమునుండి వచ్చు ప్రశ్నకు బదులు చెప్పు వైద్యుని గంటను ఓ.పి. గంటవలెనే పనిగంటగ లెక్కింపుడు. ఆశాకు డేటా ఖర్చు నెలనెలకు ముందుగ చెల్లింపుడు. క్రొత్త యాప్ నొకదానిని ఇచ్చునపుడు పాత రిజిస్టరు నొకదానిని తీసివేయుడు. యాప్‌లోని ప్రతిమాట తెలుగుననే కాక, ఏజెన్సీలో కోయ, కువి పలుకు కార్యకర్తకు ఆమె నుడిలో వినబడునట్లును చేయుడు.